తర్జుమా చేయని మాట

జూన్ 4, మంగళవారం

పొద్దున్నే టేపులాయన వచ్చాడు. ఒకప్పుడు మా సువార్త సభలన్నీ రికార్డు చేసింది ఈయనే. మనిషి సగానికి సగం అయ్యాడు గానీ నోరు మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. గుమ్మంలోనే, నీ గొంతు వినపడక చాలా రోజులైంది, పోయావేమో అనుకున్నా, అన్నాడు.

చేతిలో చెప్పుల డబ్బా. అందులో మూడు క్యాసెట్లు, ఒక పాత ప్లేయరు. సంఘానికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి కదా, కొత్త పాస్టరుగారు పుస్తకం వేస్తున్నారట. మన భాష రాని బోధకుడు, మేం పెద్దాయన అనేవాళ్ళం, ముప్పై ఆరేళ్ళ కిందట వచ్చినప్పుడు చేసిన మూడు ప్రసంగాలూ అందులో ఉండాలట. విని రాయాల్సింది ఎవరయ్యా అంటే నేనే. ఆయన పక్కన నిలబడి వాక్యం వాక్యం మన భాషలోకి తర్జుమా చేసింది నేనే కాబట్టి.

వద్దంటానేమో అని టేపులాయన బతిమాలబోయాడు. నేనా వద్దనేది? రిటైరయ్యాక పోస్టాఫీసు కిటికీ కూడా లేదు, మాట్లాడ్డానికి ఇంట్లో ఒక్క మనిషే, ఆవిడ వినదు. సంతోషంగా తీసుకున్నాను.

జూలై ఏడుకల్లా కావాలన్నాడు. మొదటి రెండూ ముందు రాస్తాను. మూడోదానికి తొందరేముంది.

జూన్ 6

మొదటి క్యాసెట్టు పెట్టాను. ముందు కాసేపు గరగర. తర్వాత పెద్దాయన గొంతు వస్తుందనుకుంటున్నానా, రేడియోగాడి గొంతు వచ్చింది.

"ఒకటి, రెండు, మూడు. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? వినపడనివాళ్ళు చెయ్యెత్తండి."

జనం నవ్వు. ఎవడో చెయ్యెత్తి ఉంటాడు, ఇంకో నవ్వు.

ప్లేయరు ఆపేసి వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. వాడు పోయాక వాడి గొంతు వినడం ఇదే. ఇరవై ఏడేళ్ళ గొంతు. నాకు అరవై మూడొచ్చాయి, వాడికి ఇంకా ఇరవై ఏడే.

ఇవాళ ఒక్క ముక్క రాయలేదు.

జూన్ 7

రేడియోలు బాగుచేసేవాడు కాబట్టి రేడియో. ఎవరి గొంతైనా పట్టేసేవాడు, అందుక్కూడా. ఇద్దరం ఒకే వీధిలో, ఒకే బడిలో, ఒకే బెంచీ మీద. మా అమ్మ చిన్నప్పుడే పోయింది. సాయంత్రాలు వాళ్ళింట్లోనే పడుండేవాణ్ణి. వాళ్ళమ్మని పిన్నీ అనేవాణ్ణి. పిన్ని లాండ్రీలో ఇస్త్రీ చేసేది. ఎవరివో చొక్కాల గుట్టల మధ్య మా ఇద్దరికీ పీటలు వేసేది, పలకలు అక్కడే, తిట్లు అక్కడే, నిద్ర అక్కడే. వేడి ఇస్త్రీగుడ్డ వాసన తగిలితే ఇప్పటికీ నాకు నిద్రొస్తుంది.

వాడు తప్పు చేస్తే పిన్ని ఇద్దర్నీ కొట్టేది. నేనేం చేశాను పిన్నీ అంటే, రేపు చేస్తావుగా అనేది.

పిన్నిని చూసి ఎన్నాళ్ళయిందో. చర్చిలో వెనక బెంచీలో ఉంటుందని తెలుసు. పలకరించాలనే అనుకుంటాను, ఏదో ఒక పని తగులుతుంది.

జూన్ 9, ఆదివారం

రెండో క్యాసెట్టు సగం అయింది. ఏం రోజులవి!

తర్జుమా అంటే పక్కన నిలబడి చెప్పేయడమే అనుకుంటారు జనం. ఆయనకి ఎడం పక్కన, అరడుగు వెనక నిలబడాలి. ఆయన ఊపిరి పీల్చే లోపల నువ్వు మొదలుపెట్టాలి. చెయ్యెత్తితే ఎత్తాలి, గొంతు తగ్గిస్తే తగ్గించాలి, ఏడిస్తే మాత్రం ఏడవకూడదు, వాక్యం తెగిపోతుంది. పెద్దవాక్యం వస్తోందంటే పెద్దాయన బొటనవేలితో వేదిక బల్ల మీద రెండుసార్లు తట్టేవాడు. అది మా ఇద్దరికే తెలుసు. ఊరూరా తిరిగి బెంచీల మీద పడుకున్నాం, బస్సుల్లో నిలబడి వెళ్ళాం. తండ్రి దగ్గర లేని చనువు నాకు ఆయన దగ్గర ఉండేది.

నరకం అంటే మాత్రం నాదే పేరు. ఆయనకి దాని మీద పెద్ద ఇష్టం లేదు. మూడు ముక్కలు చెప్పి దాటేసేవాడు. నేను వదలను కదా. ఆయన రెండు కట్టెలు వేస్తే నేను నాలుగు వేసేవాణ్ణి. ఆయన చీకటి అంటే నేను కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి అనేవాణ్ణి. జనం వణికేవాళ్ళు. రేడియోగాడు ఓసారి, ఒరేయ్, నువ్వు తర్జుమా చేసిన నరకం అసలుదానికంటే వేడిగా ఉంటుందిరా, అన్నాడు.

రెండో టేపులో కూడా మొదట్లో వాడి గొంతుంది. మైకులు కట్టేది వాడేగా. బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. మైకు కడతాను గానీ దాని ముందు అబద్ధం చెప్పలేను, నమ్మకం కుదిరినరోజు నేనే వస్తానని పాస్టరుగారికే చెప్పాడు. ఆ బాధ పిన్నికి ఉండేది.

జూన్ 11

మూడో క్యాసెట్టు బాగా పాడైపోయింది. ఏమీ వినపడటం లేదు. రెండే రాసి ఇస్తాను.

జూన్ 12

పాడవలేదు. అసలు పెట్టనేలేదు.

నా డైరీలో నాకే అబద్ధం రాసుకునే స్థితికి వచ్చాను. సిగ్గుండాలి.

మా ఆవిడ పక్కనుంచి పొడుస్తోంది, మూడోది వినవేం, నేను రక్షణ పొందిన రోజు కదా, అని. ఆ రోజు ప్రభువుని నమ్ముతామని లేచి ముందుకొచ్చిన నలభై ముగ్గురిలో ఆవిడా ఉంది. అప్పటికి పెళ్ళి కాలేదు మాకు.

జూన్ 13, గురువారం

పెట్టాను. ఆవిడ మార్కెట్టుకి వెళ్ళాక, తలుపు గడియ వేసుకుని.

ఆ టేపులో రేడియోగాడి గొంతు లేదు. ఆ వారం గురువారం పొద్దున మూడంతస్తుల మేడ మీద ఎవరిదో యాంటెన్నా కడుతూ జారి పడ్డాడు. శుక్రవారం పాతిపెట్టాం. శనివారం సభలకి ఆఖరి రోజు. పిన్నిని ఆడవాళ్ళు పట్టుకుని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆవిడ తల ఎత్తలేదు.

పెద్దాయన తన ప్రసంగం మధ్యలో ఆపేశాడు. బల్ల దాటి పిన్ని ముందుకు వచ్చాడు. నేను వెనకాలే వెళ్ళాను. ఆయన అన్నది ఇది, ఇవాళ మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను, అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను.

"అమ్మా, మన ప్రభువు చనిపోయాక శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం తెల్లవారేదాకా ఊరికే పడుకోలేదు. చచ్చినవాళ్ళ దగ్గరికి దిగి, కింద వెతికాడు. నీ కొడుకు ఎక్కడున్నాడో నాకు తెలీదు. ఆయనకి తెలుసు. తలుపు మూసేశారని నీతో ఎవరన్నా అంటే నమ్మకు."

ఆ తర్వాత నా గొంతు.

"అమ్మా, తలుపు ఒకటుంది. అది ఒక రోజు మూసుకుంటుంది. నీ కొడుక్కి మూసుకుపోయింది. ఇక్కడున్న మిగతావాళ్ళకి ఇంకా తెరిచే ఉంది. ఈ పూటకి."

ఎంత బాగా చెప్పాను. గొంతు ఎక్కడా తొణకలేదు.

దాని తర్వాత జనం ఏడుపు, బెంచీలు జరుగుతున్న చప్పుడు, నలభై ముగ్గురి అడుగులు. సభ అయ్యాక పెద్దాయన నన్ను కావలించుకున్నాడు, నా మనసులోది ఉన్నదున్నట్టు చెప్పావు అన్నాడు. ఆయనకి మన భాష రాదు. ఆయన భాష ఆ రోజు అక్కడ నాకు తప్ప ఎవరికీ రాదు.

జూన్ 15

తప్పు చేశానని ఒప్పుకుంటాను గానీ, కారణం ఉంది.

నాకప్పుడు ఇరవై ఏడేళ్ళు. దేవుడి మీద రోషం. పెద్దాయన చెప్పింది విశ్వాసానికే విరుద్ధం అనిపించింది. నమ్మకుండా పోయినవాడికి కూడా దారి ఉందంటే ఇక నమ్మేది ఎవడు? చెడిపోయేది ఎందరు? ఆయన పెద్దవాడు, ప్రేమ ఎక్కువై జారాడు, నేను సర్దాను. తర్జుమా చేసేవాడికి ఆ బాధ్యత కూడా ఉంటుంది. పైగా వేదిక మీద "నాకు తెలీదు" అనే మాట నేనెప్పుడూ తర్జుమా చేసి ఎరగను. జనం తెలుసుకోడానికి వస్తారు.

నలభై ముగ్గురు రక్షణ పొందారు. అది మరి?

ఒకటి మాత్రం చెప్పుకోవాలి. విశ్వాస ప్రమాణంలో ఆ మాట ఉంది. ఆయన చచ్చినవాళ్ళ లోకంలోకి దిగాడని. ప్రతి ఆదివారం నిలబడి అందరికంటే గట్టిగా చెప్పేది నేనే. చెప్తూనే ఉన్నాను, యాభై ఏళ్ళుగా, పోస్టాఫీసులో ముద్ర గుద్దినట్టు.

జూన్ 18

కొత్త పాస్టరుగారు ఫోన్ చేశారు. మూడో టేపు ఎంతవరకు వచ్చిందని. ఆయనకి ఆ భాష బాగా వచ్చు, అక్కడే చదివి వచ్చారు. వీలుంటే టేపులు కూడా ఒకసారి వింటాను అన్నారు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాను, టేపులో గరగర ఎక్కువండీ, ఏం వింటారు, అన్నాను.

పిన్నికి ఒంట్లో బాగోలేదని ఆయనే చెప్పారు. ఎనభై రెండట. డాక్టరు ఇక మందులు మార్చడం లేదట.

ఆవిడ ఆ మాట పట్టుకునే పోతుందా?

జూన్ 20, గురువారం

చెప్పడానికే వెళ్ళాను. దేవుడి సాక్షిగా చెప్పడానికే.

పిన్ని లాండ్రీ వెనక గదిలోనే ఉంటోంది. యజమాని పిల్లలు ఆ గది ఆవిడకే వదిలేశారు. గోడ వారన పాత ఇస్త్రీ బల్ల, దాని మీద ఇప్పుడు మందులు. నన్ను చూసి కాసేపు ఎవరో అనుకుంది. తర్వాత, ఏరా, దారి తప్పావా, అంది. పొడుగ్గానే ఉన్నావు గానీ బుద్ధిగా తినట్లేదు అంది. నా చెయ్యి తీసుకుని వేళ్ళు లెక్కపెడుతున్నట్టు తడిమింది. చిన్నప్పుడు సిరా మరకలు చూడ్డానికి అలాగే చేసేది.

సంచిలో ప్లేయరు ఉంది. మొదటి క్యాసెట్టు పెట్టాను.

"వినపడనివాళ్ళు చెయ్యెత్తండి."

పిన్ని నెమ్మదిగా చెయ్యెత్తింది. నేను నవ్వబోయి ఆపుకున్నాను. ఆవిడ ఏడవడం లేదు, నవ్వడం లేదు, చెయ్యి అలాగే ఎత్తి ఉంచింది. మళ్ళీ పెట్టమంది. ఎన్నిసార్లు పెట్టానో లెక్కలేదు.

వచ్చేస్తుంటే అడిగింది, ఆఖరి రోజుది కూడా ఉందా అని.

లేదు పిన్నీ, పాడైపోయింది, అన్నాను.

జూన్ 21

కొడుకు గొంతు వినిపించి ఆవిడ నోరు మూయించి వచ్చాను. ఎంత తెలివిగలవాణ్ణి.

జూన్ 23, ఆదివారం

రోషం, బాధ్యత, విశ్వాసం అని పైన రాసుకున్నాను. చదివితే నాకే నవ్వొచ్చింది. ఇంకెవరి కోసం రాసుకుంటున్నాను ఇదంతా?

అసలు సంగతి రాస్తాను.

టీకొట్టు దగ్గర రేడియోగాడు మా ఇద్దరి గొంతులూ అచ్చు దింపేవాడు. ఒకసారి పెద్దాయన, ఒకసారి నేను. పెద్దాయన గొంతులో "ప్రభువు మంచివాడు" అనేవాడు. వెంటనే అరడుగు వెనక్కి జరిగి, ఛాతీ విరుచుకుని, నా గొంతులో "ప్రభువు మంచివాడే గానీ మిమ్మల్ని మాత్రం వదలడు" అనేవాడు. జనం పొట్టలు పట్టుకునేవాళ్ళు. ఉన్నదున్నట్టు నేనే. అంతగా నన్ను గమనించినవాడు ఇంకొకడు లేడు. ఇవాళ తలుచుకుంటే అది ప్రేమే. అప్పుడు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

ఆ బుధవారం సాయంత్రం కూడా చేశాడు. ఎదురుగా ఇప్పటి మా ఆవిడ నిలబడి ఉంది, పక్కన స్నేహితురాళ్ళు. ఆమె నవ్వింది. కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. ఆమె చూస్తుందనే నేను కొత్త చొక్కా వేసుకుని వెళ్ళాను. పిన్ని ఇస్త్రీ చేసిన చొక్కా.

మర్నాడు పొద్దున్నే వాడు పోయాడు. నేను ఏడ్చాను, అబద్ధం కాదు, చాలా ఏడ్చాను. శనివారం వేదిక ఎక్కేసరికి కూడా ఆ నవ్వు చెవిలో ఉంది. వాడు ఇక జవాబు చెప్పలేడు. మైకు నా చేతిలో ఉంది.

అంతే. దేవుడి ప్రసక్తి ఎక్కడా లేదు ఇందులో.

జూన్ 24

మా ఆవిడకి చెప్పాను. అంతా. ఆవిడ రక్షణే నా అబద్ధం మీద నిలబడిందని కూడా చెప్పాను. చిక్కుళ్ళు ఒలుస్తూ వింది, ఆపలేదు.

అయిపోయాక అంది, "నేను నీ తలుపుకి భయపడి రాలేదు. నువ్వు మాట్లాడుతుంటే పెద్దాయన పిన్నిని చూసి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. కొడుకు నరకానికి పోయాడని చెప్పేవాడి మొహం అలా ఉండదు. నీ మాటొకటి, ఆయన మొహమొకటిగా ఉంది. నేను ఆయన మొహం చూసి లేచొచ్చాను."

నువ్వు అప్పుడే ఎందుకు అడగలేదు అన్నాను. నువ్వు ఎవరైనా అడిగేలా ఉంచావా అప్పుడు అంది.

తర్వాత చిక్కుళ్ళ గిన్నె తీసుకుని లేస్తూ, పిన్ని తల వంచుకుని ఉంది, ఆవిడ మొహం చూడలేదు, నీ మాటే వింది, అంది.

జూన్ 25, మంగళవారం

చెప్పేశాను.

కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే చెప్పాను, పెద్దాయన ఏమన్నాడో, నేనేమన్నానో, ఎందుకన్నానో. టీకొట్టు సంగతి కూడా. తడబడ్డాను, మళ్ళీ మొదలుపెట్టాను. జీవితంలో ఇంత చెత్తగా ఎప్పుడూ మాట్లాడలేదు.

పిన్ని ఆయన మాట మళ్ళీ చెప్పమంది. చెప్పాను. మళ్ళీ చెప్పమంది. మూడోసారి ఆవిడ పెదాలు కూడా కదిలాయి.

"చర్చిలో ఆఖరున పాస్టరుగారు చేతులెత్తి ఆశీర్వాదం ఇస్తారు కదా. అంతకుముందే లేచి వచ్చేసేదాన్నిరా నేను. ముప్పై ఆరేళ్ళు. వాడికి లేనిది నాకెందుకని. నువ్వెప్పుడైనా చూశావా?"

చూడలేదు. ముందు కూర్చునేవాడికి వెనక బెంచీలు కనపడవు.

పరలోకం కోసం ప్రార్థన చేయడం కూడా మానేసిందట. నన్ను వాడున్న చోటికే పంపు, వాడికి చీకట్లో ఒంటరిగా పడుకోడం చిన్నప్పట్నించీ భయం, అని అడిగేదట. రోజూ. ఇస్త్రీ చేస్తూ కూడా.

నరకం గురించి ఎన్ని వందలసార్లు చెప్పాను నేను. మంటలు, పురుగులు, పళ్ళు కొరకడం. ఒక తల్లి అక్కడికి వెళ్ళడానికి ముప్పై ఆరేళ్ళు దరఖాస్తు పెడుతూ ఉంటుందని నాకు ఏ తర్జుమాలోనూ తట్టలేదు. పైన మంచిచోటు ఖాళీగా ఉన్నా కిందికి దిగుతాను అంటోంది. ఆ దిగినాయన మాట ఆవిడకి ఒక్కదానికే అర్థమై ఉండేది. ఆవిడకే అందకుండా చేశాను.

క్షమించమన్నాను. కాళ్ళ మీద పడబోయాను. కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"వాడుంటే నవ్వేసి ఊరుకునేవాడు. నేను వాణ్ణి కాదు. వెళ్ళు."

వచ్చేశాను.

జూన్ 26

ఏమీ లేదు.

జూన్ 28

మూడో ప్రసంగం రాశాను. పెద్దాయన మాట, కింద నేను అన్న మాట, రెండూ. చింపేశాను. మళ్ళీ రాశాను.

నేను నరకానికి పోతానా అని మా ఆవిణ్ణి అడిగాను. నన్నడుగుతావేం, నువ్వేగా అందరికీ చెప్పేవాడివి, అంది. తర్వాత దుప్పటి తెచ్చి కప్పింది.

జూలై 1, సోమవారం

పిన్ని కబురు పెట్టింది. పరిగెత్తుకుంటూ వెళ్ళాను. కరిగిందేమో అనుకున్నాను, ఎందుకు దాచడం.

కరగలేదు. మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది, నిన్నంతా ఆలోచించి పెట్టుకున్నట్టు.

"నా ఒక్కదానికి వచ్చి చెవిలో చెప్తే సరిపోతుందా? ఆ రోజు అందరూ విన్నారు. అందరూ నా కొడుకు నరకంలో ఉన్నాడనుకుంటూ ఇళ్ళకి పోయారు. వాళ్ళ పిల్లలకి చెప్పుకున్నారు. నువ్వు అన్నచోటే నిలబడి చెప్పు."

చర్చిలో నా మొహం ఎలా చూపించను పిన్నీ అన్నాను. అలవాటైన మాట, వచ్చేసింది.

నేను చూపించలేదా, అంది.

జూలై 2

పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి టేపు వినిపించాను. విని కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత ఇబ్బందిగా చెప్పారు, ఆ నలభై ముగ్గురిలో ఇద్దరు ఇప్పుడు సంఘపెద్దలు, యాభై ఏళ్ళ ఆరాధన రోజే ఇది కావాలా, పుస్తకంలో ఒక వివరణ వేద్దాం, అని. నెలక్రితం అయితే ఎగిరి గంతేసేవాణ్ణి.

ఆయనకి చెప్పాను, ఆవిడ పుస్తకం చదవదండీ, అప్పుడూ చదవలేదు, విన్నది, అని.

పిన్ని కొడుకు అసలు ఇప్పుడు ఎక్కడున్నాడంటారు అని అడిగారు, నన్ను పరీక్షిస్తున్నట్టు కాదు, నిజంగా. తెలీదన్నాను. నాకు తెలీదు అన్న మాట నోట్లోంచి అంత తేలిగ్గా వస్తుందని ఇన్నాళ్ళూ ఎరగను. వెతికేవాడు ఒకడున్నాడని మాత్రం ఇప్పుడు నమ్ముతున్నాను అన్నాను. ఇదివరకు చెప్పేవాణ్ణి, నమ్మానో లేదో గుర్తులేదు.

సరే, ప్రసంగం తర్వాత పది నిమిషాలు, అన్నారు.

జూలై 6

చొక్కా మా ఆవిడ ఇస్త్రీ చేస్తోంది. మడతలు సరిగ్గా రావట్లేదని సణుగుతోంది. పిన్ని చేతి మడత ఎవరికి వస్తుంది.

రేపు చెప్పాల్సింది కాగితం మీద రాసుకుంటున్నాను, మొదటిసారి. ఎన్ని వేలమంది ముందు నిలబడ్డాను.

జూలై 7, ఆదివారం

అయింది.

చర్చి నిండిపోయింది, కిటికీల దగ్గర కూడా నిలబడ్డారు. పిన్నిని లాండ్రీ వాళ్ళ అమ్మాయి తీసుకొచ్చింది. వెనక బెంచీలో కూర్చోబోతుంటే మా ఆవిడ వెళ్ళి చెయ్యి పట్టుకుని ముందు వరసలోకి తెచ్చుకుంది.

పాస్టరుగారు పిలిస్తే వెళ్ళాను. పాత అలవాటు, బల్లకి ఎడం పక్కన అరడుగు వెనక నిలబడిపోయాను, పక్కన ఎవరో ఉన్నట్టు. కొందరు నవ్వారు. ముందుకి జరిగాను. ముప్పై ఆరేళ్ళ కిందట ఇక్కడే పెద్దాయన ఒకటి చెప్తే నేను ఇంకొకటి చెప్పానని, పొరపాటున కాదు, నా స్నేహితుడి మీద కక్షతో, వాడు పోయిన రెండో రోజు, వాడి తల్లి ఎదురుగా, అలా అన్నానని చెప్పాను. కక్ష అన్న మాట దగ్గర తడబడ్డాను. మళ్ళీ చెప్పాను.

టేపు పెట్టాను. పెద్దాయన గొంతు చర్చి నిండా వచ్చింది. ముసలివాళ్ళు కొందరు గుర్తుపట్టి కళ్ళు తుడుచుకున్నారు. ఆయన ఆగగానే, నా పాత గొంతు మొదలయ్యేలోపు ప్లేయరు ఆపేశాను. పిన్ని ముందుకి వెళ్ళాను. ఈసారి ఆవిడ తల ఎత్తే ఉంది, నా మొహంలోకి చూస్తోంది.

తర్జుమా చేశాను. ఒక్క కట్టె కూడా వేయలేదు, తీయలేదు. నాకు తెలీదు అన్నచోట నాకు తెలీదు అనే అన్నాను. నమ్మకు అన్నచోట ఏడుపొచ్చింది. ఏడవకూడదని నేనే నియమం పెట్టుకున్నాను కదా, వాక్యం తెగింది. పిన్ని ఎదురుచూసింది. పూర్తిచేశాను.

సంఘపెద్దల్లో ఒకాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఇంకొకాయన తల వంచుకుని కూర్చున్నాడు. వెళ్ళి నా చోట కూర్చున్నాను, మా ఆవిడ పక్కకి జరిగి చోటిచ్చింది.

చివరి పాట అయింది. పాస్టరుగారు ముందుకొచ్చారు. పిన్ని బెంచీ పట్టుకుని లేచింది. ఎప్పటిలా వెళ్ళిపోతోందనుకున్నాను. ఆవిడ వెళ్ళలేదు. ఆశీర్వాదానికి అందరూ లేవకముందే తాను లేచింది, అంతే. పాస్టరుగారు చేతులెత్తి మొదలుపెట్టి పూర్తిచేసేదాకా నిలబడే ఉంది. ఆఖర్న ఆమేన్ అంది. ఆవిడ ఆమేన్ నాకు విడిగా వినపడింది.

బయటికి వచ్చేటప్పుడు జనం నన్ను తప్పించుకుని పోతున్నారు. తప్పులేదు. గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను. పిన్ని లాండ్రీ అమ్మాయి చెయ్యి పట్టుకుని వచ్చి నా దగ్గర ఆగింది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

ఆ అమ్మాయి చెయ్యి వదిలేసి, నా చెయ్యి పట్టుకుంది.

"మెట్లు దింపరా," అంది.

మూడే మెట్లు. చాలాసేపు పట్టింది.